గోడల్లో వేడి

నూట ఒకటి. తలుపులు మూసి గడియ బిగించాను, ట్రైలర్‌ను చల్లబరిచే యూనిట్ మీట నొక్కాను, ముప్పై నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెట్టాను, ఆగి ఆగి కాకుండా ఏకధాటిగా తిరిగేటట్టు పెట్టాను, ఇక నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. లోడుకు ముందు ఖాళీ ట్రైలర్‌ను చల్లబరచడమంటే గంటన్నర సేపు ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడమే. అందుకు పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, బోర్లించిన పళ్ళ డబ్బా ఒకటి, కాస్త నీడ ఉంటే చాలు. రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఒంటిగంటన్నర. మూడింటికి, లోడెక్కించే డాక్‌కు మేనేజర్ అయిన ఎంగ్‌స్ట్రామ్ ఆ ఇనుప మెట్లు దిగి ఒక కాగితం పట్టుకుని ఇటే వస్తాడు. పొద్దున ఫోన్లోనే చెప్పాడు, ఎలాగూ లోడుకు వస్తున్నావుగా రెమీ, ఒక్క సంతకం పెట్టేసి పో అని. పన్నెండు రోజుల కిందట ఇదే పళ్ళ ప్యాకింగ్ షెడ్ నుంచి నేను పట్టుకెళ్ళిన పీచ్ పళ్ళను మినియాపొలిస్‌లో దించుకోలేదు. ఆ రోజు కూడా ఇలాగే గంటన్నర సేపు ట్రైలర్ చల్లబరిచానని ఆ కాగితం మీద రాసి ఉంటుంది. నేను సంతకం పెడితే తప్పు ఇక్కడ తనిఖీ చేసే టెన్చాది అవుతుంది. పెట్టకపోతే నాది అవుతుంది. నిజానికి నాదే. అందులో సందేహమేమీ లేదు గనక తీరిగ్గా కూర్చుని యూనిట్ బోర్డు మీద దిగే డిగ్రీల అంకెలు చూసుకోవచ్చు.

ఎనభై తొమ్మిది. గాలి తొందరగానే లొంగుతుంది. యాభై మూడడుగుల పెట్టెలో ఉన్న గాలి ఎంతని, దాన్ని చల్లబరచడం పిల్లకాయల పని. గోడలు అలా కాదు. మూడంగుళాల మందాన నురుగు నింపిన గోడలు, ఫ్రెస్నో ఎండలో మూడు రోజులుగా వేడిని తాగుతూ ఉన్నవి, అవి తాగింది అంత సులువుగా కక్కవు. నేల గాడులూ అంతే, పైకప్పూ అంతే. నలభై నిమిషాలయ్యేసరికి బోర్డు మీద అంకె ముప్పై నాలుగు చూపిస్తుంది, చూసినవాడు అబ్బ అయిపోయిందనుకుంటాడు, కాని అది గాలి సంగతి. నాకు పని నేర్పిన వెండెల్ టట్ల్ అని ఒక ముసలాయన, తాతల కాలంలో ఓక్లహోమా నుంచి దుమ్ము తుఫాన్లకు తట్టుకోలేక వచ్చినవాళ్ళ తాలూకు, నన్ను ఖాళీ ట్రైలర్‌లోకి ఎక్కించి చెంప గోడకు ఆనించమనేవాడు. అరచెయ్యి కాదు, చెంప. అరచేతులు స్టీరింగు పట్టుకుని పట్టుకుని మొద్దుబారిపోయాయిరా, వాటికేం తెలుస్తుంది అనేవాడు. చెంప ఆనించి ఇరవై లెక్కపెట్టాలి. మొదట చల్లగా ఉంటుంది, పన్నెండో పదమూడో అంకె దగ్గర లోపల్నించి గోరువెచ్చగా ఏదో వస్తుంది, వస్తే ఇంకో అరగంట. రాకపోతే వెళ్ళి డాక్‌కు ఆనించు. ఈ యూనిట్ పళ్ళను చల్లబరచదు, ఉన్న చల్లదనాన్ని కాపాడుతుంది అంతే, ఈ ఒక్క ముక్క బుర్రకెక్కనివాడు కూరగాయలు తోలకూడదు, ఇటుకలు తోలుకోవాలి, ఇదీ వెండెల్ ధోరణి. ఇటుకలంటే ఆయనకు ఎందుకో చిన్నచూపు. పోయి ఎనిమిదేళ్ళయింది. ఆయన అంత్యక్రియలకు నేను వెళ్ళలేదు, ఆ రోజు నా వెనక ద్రాక్ష లోడుంది.

డెబ్బై ఆరు. షెడ్ లోపల లైను మోత ఇక్కడికి వినిపిస్తూనే ఉంది, పళ్ళు రోలర్ల మీద దొర్లుతున్న చప్పుడు, మధ్యలో ఎవరో ఆడమనిషి నవ్వు, అది టెన్చా నవ్వు కాదు. టెన్చా నవ్వు నాకు తెలుసు. హోర్టెన్సియా విల్యసెన్యోర్ అన్నది ఆవిడ పూర్తి పేరు, జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా ఎవరూ వాడరు. ఇక్కడ పంతొమ్మిదేళ్ళు, అందులో మొదటి తొమ్మిదేళ్ళూ లైన్‌లో పళ్ళు ఏరింది, ఆ పనికి మణికట్లు రెండూ పాడై ఆపరేషన్ చేయించుకుంది, ఆ తర్వాతే డాక్ మీద తనిఖీకి వేశారు. లైను మీదున్న రోజుల్లో కూడా మనిషి తక్కువైనప్పుడల్లా డాక్ మీదికి ఆవిడనే పంపేవాళ్ళు. వచ్చిన ప్రతి ట్రైలర్ తలుపు తెరిపించి, గోడ మీదికి టెంపరేచర్ గన్ గురిపెట్టి, అంకె చూసి చీటీలో రాయాలి. ఆ అంకె ముప్పై ఆరు దాటితే లోడు లేదు. నేను ఇక్కడికి తోలడం మొదలుపెట్టిన ఏడాది నన్ను రెండుసార్లు వెనక్కి పంపింది. గోడ నలభై ఒకటి చూపిస్తోంది, ఇంకో అరగంట చల్లార్చుకుని రా పో, ఈలోపు పళ్ళు మళ్ళీ చెట్టెక్కి కూర్చోవులే అంది. అప్పట్లో మేం ఒకళ్ళనొకళ్ళం నువ్వు అనుకునేవాళ్ళం. తర్వాత మా అమాలియా పుట్టింది. నా భార్య నీవెస్‌కు కాన్పు కష్టమై ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ టెన్చా పని దిగగానే వచ్చి కూర్చునేది, ఎవరూ రమ్మనలేదు, తనకు తానే వచ్చింది. బిడ్డకు జ్ఞానస్నానం చేయించిన రోజున జ్ఞానతల్లిగా ఎత్తుకున్నది టెన్చాయే. పాదిరి బిడ్డ నెత్తిన నీళ్ళు పోసి అలా పక్కకు జరిగాడో లేదో, గుడి గుమ్మంలోనే ఆవిడ నన్ను మీరు అంది. కొంపాద్రే, జోళ్ళు జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది అంది. నేను కొమాద్రే అన్నాను. మావాళ్ళలో బిడ్డ తండ్రికీ జ్ఞానతల్లికీ ఆ వరస ఒకసారి కలిసిందంటే ఇక చచ్చేదాకా అంతే, రక్తసంబంధమైనా తెగొచ్చు గాని అది తెగదు, పరాచికాలుంటాయి గాని హద్దు ఉంటుంది.

ఆ హద్దులో గన్ కూడా చేరిపోయింది. జ్ఞానస్నానం తర్వాత వచ్చిన మొదటి లోడు నాకు బాగా జ్ఞాపకం, నెక్టరిన్ పళ్ళు, ఇలాంటి జులైలోనే. తలుపు తెరిచాను. ఆవిడ మెడలో వేలాడుతున్న గన్ మీద చెయ్యి వేసింది, వేసి, తీసేసింది. ఎంత, కొంపాద్రే అంది. ముప్పై నాలుగు అన్నాను. రాసుకుంది. పదకొండేళ్ళుగా అదే వరస. మిగతా డ్రైవర్లు చూసి ఏడ్చేవాళ్ళు, వాళ్ళ గోడలకూ నేలకూ మూలలకూ గన్ పెట్టి నిలువుదోపిడీ చేసేది గదా. నన్ను మాత్రం అడిగేది. బిడ్డ తండ్రి మాటను మిషను పెట్టి కొలవడం ఆవిడకు చేతకాలేదు, అంతే, అది తప్పని ఆవిడకు తోచలేదు, ఒప్పని కూడా ఎవరితోనూ వాదించలేదు. నేనూ పదకొండేళ్ళూ చెంప ఆనించి ఇరవై లెక్కపెట్టాకే తలుపు తెరిచాను. గొప్ప చెప్పుకోవడం కాదు, గన్ కంటే చెంప కచ్చితం. ఒక్కరోజు తప్ప.

అరవై మూడు. అద్దాల్లాంటి ఎండ. పెరట్లో తారు మెత్తబడి జోడు అడుగున అంటుకుంటోంది. ఆ రోజు కూడా ఇంత ఎండే. ఫీనిక్స్ నుంచి అట్టపెట్టెలు తెచ్చి ఫ్రెస్నోలో దించాను, అట్టపెట్టెలకు చల్లదనం ఎందుకు గనక యూనిట్ రెండు రోజులుగా ఆపే ఉంది. ట్రైలర్ కడిగించాను. పదింటికల్లా పని తెమిలిపోయింది, ఇక్కడ లోడు ఒంటిగంటకు. పదకొండున్నరకు యూనిట్ వేస్తే సరిపోతుంది. సెంటర్‌విల్ దాటాక కింగ్స్ నది పక్కన చెట్ల కింద ఆపాను, మొహం కడుక్కుందామని. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కొండల మీద మంచు కరిగి వస్తున్నాయి కాబోలు. క్యాబ్‌లోకి వచ్చి పడుకున్నాను. పడుకునే ముందు యూనిట్ వెయ్యొచ్చు, వేసి పడుకుంటే దాని పాటికి అది తిరిగేది, చెయ్యి మీట దాకా వెళ్ళింది కూడా. వెయ్యలేదు. పదిహేడేళ్ళుగా ఆ మోత నా తల వెనకే తిరుగుతోంది, నిద్రలోనూ తిరుగుతుంది, ఇంట్లో పడుకున్నా తిరుగుతుంది, నీవెస్ ఏదైనా చెప్తే ఆఁ ఏంటి అని రెండోసారి అడుగుతాను. ఆ చెట్ల కింద నిశ్శబ్దంగా ఉంది. నాకు ఆ నిశ్శబ్దం కావాలనిపించింది. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే చెప్పేవాణ్ణే, బిడ్డకు జబ్బో, ఇంట్లో గొడవో, ఏదైనా ఉంటే వినేవాళ్ళకూ బాగుండేది, కాని లేదు. కాసేపు అనుకున్నాను. లేచేసరికి పన్నెండూ ఇరవై.

అప్పుడు వేశాను. దారిలో తిరిగింది, గేటు దగ్గర తిరిగింది, ఒంటిగంటకు డాక్ ముందు నిలబడేసరికి బోర్డు మీద ముప్పై నాలుగు ఉంది. నలభై నిమిషాలు. చెంప ఆనించలేదు. ఆనిస్తే ఏం తెలుస్తుందో ముందే తెలుసు గదా, ఇంకెందుకు ఆనించడం. తలుపు తెరిచాను, చల్లగాలి పొగలాగా బయటికి దొర్లింది, చూడ్డానికి దివ్యంగా ఉంది. టెన్చా వచ్చింది. ఎంత, కొంపాద్రే అంది. ముప్పై నాలుగు అన్నాను. అబద్ధమా అంటే అబద్ధం కాదు, బోర్డు మీద ఉన్నదే చెప్పాను, వకీళ్ళు మెచ్చుకునే రకం నిజం. ఇంకో గంట ఆగమని ఉంటే ఆవిడ ఏమీ అనేది కాదు, లోడు రాత్రికి జరిగేది, నేను కాస్త విసుక్కునేవాణ్ణి, మినియాపొలిస్ ఒక పూట ఆలస్యం. అంతే. ఆ అంతే అన్నదానికోసం నోరు తెరవలేదు. పళ్ళ పెట్టెలు పేర్చి ఎక్కించిన ప్రతి ప్యాలెట్‌నూ చూస్తూ నిలబడ్డాను, ఇరవై రెండు ప్యాలెట్లు, తేలు కుట్టిన దొంగలాగా.

పీచ్ పండు సంగతి విచిత్రం. బాగా చల్లగా ఉంటే బతుకుతుంది, బాగా వెచ్చగా ఉంటే మగ్గుతుంది, మగ్గినది కనీసం తినడానికైనా పనికొస్తుంది. ఈ రెంటికీ మధ్యన, నలభై, నలభై అయిదు, ఆ గోరుచల్లదనంలో మూడు రోజులుంచితే దానికి చేటు. పైకి ఏమీ తెలియదు. రంగు అదే, వాసన అదే. కొరికితే పిండి. రసం ఉండదు, తడిసిన అట్ట నమిలినట్టుంటుంది. మినియాపొలిస్‌లో దించుకునే ఆయన గోడల పక్కనున్న పెట్టెలోంచి ఒకటి తీసి, చాకుతో రెండు చెక్కలు చేసి, ఏమీ మాట్లాడకుండా ఒక చెక్క నా చేతిలో పెట్టాడు. తిన్నాను. మధ్య వరసలోది కూడా కోశాడు, అది భేషుగ్గా ఉంది. గోడ వారగా ఉన్నవన్నీ నలభై ఏడు. గోడలు తాగిన వేడినంతా నెమ్మదిగా, తీరిగ్గా, రెండువేల మైళ్ళ పొడుగునా ఆ పళ్ళకు పంచిపెట్టాయి. నిజానికి గోడ పక్కన ఒక రకం, మధ్యలో ఒక రకం అంటేనే ఈ పని తెలిసినవాడెవడికైనా అర్థమైపోవాలి. ఎంగ్‌స్ట్రామ్ ఆఫీసు మనిషి, అతనికి కాగితాలు అర్థమవుతాయి. కాగితం మీద ట్రైలర్ గోడ ముప్పై నాలుగని ఉంది, టెన్చా చేతిరాత. గోడ చల్లనిదైతే పళ్ళే వెచ్చగా ఎక్కి ఉండాలి. పళ్ళు వెచ్చగా ఎక్కాయంటే వాటిలో థర్మామీటరు ముల్లు గుచ్చి చూడాల్సిన మనిషి చూడకుండానే రాసుకుని ఉండాలి. లెక్క సరిపోయింది. నా యూనిట్ ఏ గంటకు తిరిగిందో అదే రాసిపెట్టుకోవాలి నిజానికి, కొత్తవన్నీ రాసుకుంటాయి, నాది పాతది, దాని జ్ఞాపకం పోయి రెండేళ్ళయింది. నాది పోలేదు.

యాభై రెండు. షెడ్ పక్క తలుపు తెరుచుకుంది, టెన్చాయే. తల మీద టోపీ, టోపీ కింద రుమాలు, మెడలో గన్. చేతిలో సీసా నిండా ఖర్బూజా నీళ్ళు. భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది, నాకోసమే దాచి ఉంచింది. మూత తీసి ఇచ్చి, నా పక్కన ట్రైలర్ చక్రానికి ఆనుకుని నిలబడింది. నీవెస్ కులాసానా అని అడిగింది. కులాసా అన్నాను. అమాలియా మడమ ఎత్తు చెప్పులు కావాలని ఫోన్లో నాతో గోల పెట్టింది, పదకొండేళ్ళకే మడమలెందుకు, పదిహేనో పుట్టినరోజుకు నేనే కొనిపెడతానని చెప్పాను, అందాకా మీరు మెత్తబడకండి కొంపాద్రే, మీరసలే దానికి బానిస అంది. బోర్డు కేసి చూసి, మీ ట్రైలర్ మీకంటే నయం, చెప్పిన మాట వింటుంది అంది. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. కడుపులో చల్ల కదలకుండా ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత, సోమవారం నుంచి మళ్ళీ లైన్‌లోకి అంది. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టే అంది. ఈ డాక్ మీద వేరే మనిషిని వేస్తారట. మణికట్లు చూసుకుంది, వాటిని పలకరించినట్టు.

నేను సీసా తాగుతున్నాను. తాగడం పూర్తయితే ఏదో ఒకటి అనాల్సి వస్తుందని నెమ్మదిగా తాగుతున్నాను. ఆవిడ వెళ్ళబోతూ ఆగింది.

"ఆ రోజు పళ్ళలో ముల్లు గుచ్చి చూశాను కొంపాద్రే. ఇరవై రెండు ప్యాలెట్లూ. ముప్పై మూడున్నర."

నేను సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

"ఎవరికీ చెప్పమని కాదు. మీకు తెలిస్తే చాలని."

వెళ్ళిపోయింది. మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీని చేత్తో పట్టుకోకుండా దానిమీద మోచెయ్యి ఆనించింది, ఆ అలవాటు నేనెప్పుడూ గమనించలేదు. అయితే ఆవిడకు తెలుసు. పళ్ళు దించుకోలేదన్న కబురు వచ్చినప్పటినుంచీ తెలుసు. పళ్ళు చల్లగా ఎక్కాయని ఆవిడకు తెలిసినప్పుడు గోడలే వెచ్చగా ఉన్నాయని తెలియకుండా ఎలా ఉంటుంది, ఈ పనిలో ఆవిడను మించినవాళ్ళు ఈ లోయలో లేరు. ఎంగ్‌స్ట్రామ్‌తో ఒక్క ముక్క అంటే చాలు, గన్ పెట్టలేదు, ఆయన మాట నమ్మి రాసుకున్నాను అని. అనలేదు. అంటే నా మాట చెడ్డదని నలుగురిలో అనాలి, అది ఆవిడ నోట రాదు. చేతులు పోగొట్టుకోవడానికి సిద్ధపడింది గాని ఆ ముక్క అనడానికి సిద్ధపడలేదు. నాకు సిగ్గేసింది. ఇంతసేపూ అంకెలు చూస్తూ ఎవరో మూడో మనిషి సంగతి చెప్పుకుంటున్నట్టు చెప్పుకొచ్చాను గదా, అదంతా ఒట్టి మాట. నాకు సిగ్గేసింది.

నలభై నాలుగు. సరే, సంతకం పెడతాను అనుకో. లోడెక్కించుకుంటాను, తొంభై తొమ్మిదో నంబరు రోడ్డెక్కుతాను. సోమవారం ఆవిడ లైన్‌లో నిలబడుతుంది. ఎనిమిది గంటలు, రెండు చేతులూ, పండు తిప్పి చూడు, పెట్టు, తిప్పి చూడు, పెట్టు. క్రిస్మస్‌కు మా ఇంటికి వస్తుంది, మొక్కజొన్న పొత్తాకుల్లో తమాలెలు చుడుతుంది, పిండి రాయడానికి చేతులు పనిచెయ్యకపోతే అమాలియా రాసి ఇస్తుంది, ఏమైంది నీనా నీ చేతులకు అని అడుగుతుంది ఆ పిల్ల, జ్ఞానతల్లిని అలాగే పిలుస్తుంది. ఏమీ లేదమ్మా, వయసు అంటుంది టెన్చా. నా వైపు చూడదు. అక్కడ నేనేం చేస్తూ ఉంటాను, కుండలో నీళ్ళు పోస్తూ ఉంటానేమో. పెట్టను అనుకో. ఈ షెడ్ గేటు నాకు మూసుకుపోతుంది, దీంతోపాటు మిగతావీ, ఈ లోయలో షెడ్‌లన్నీ ఒకదాని చెవిలో ఒకటి ఊదుకుంటాయి. పళ్ళు తోలడం అయిపోతుంది. అట్టపెట్టెలు తోలుకోవచ్చు. వెండెల్ ఇటుకలు. అట్టపెట్టెల కింద యూనిట్ తిరగక్కర్లేదు, తల వెనక మోత ఉండదు, కోరుకున్నంత నిశ్శబ్దం. తమాషాగా ఉంది ఈ లెక్క.

ముప్పై తొమ్మిది. యూనిట్ ఆగింది. ఏం లేదు, లోపలి గొట్టాల మీద పట్టిన మంచును కరిగించుకుంటోంది, ప్రతిసారీ చేస్తుంది, కాసేపు వేడెక్కి, నీళ్ళు కక్కి, మళ్ళీ మొదలెడుతుంది. ట్రైలర్ కింది గొట్టంలోంచి నీళ్ళు తారు మీద పడి, పడ్డవి పడ్డట్టే ఆవిరైపోతున్నాయి. అదిగో, మళ్ళీ తిరిగింది. ముప్పై ఆరు. రెండూ పది. క్యాబ్‌లోకి వెళ్ళి చొక్కా మార్చుకున్నాను, ఎందుకో తెలియదు, సంతకం పెట్టడానికి చొక్కా ఏం అడ్డు. ముప్పై నాలుగు. ఇది గాలి. ఇంకో యాభై నిమిషాలు గోడలవి. కూర్చున్నాను. ఈ యాభై నిమిషాల్లో నాకు ఏ ఆలోచనా రాలేదంటే ఎవరూ నమ్మరు గాని రాలేదు, డబ్బా అంచు తొడకు గుచ్చుకుంటోందని మాత్రం తెలుసు.

మూడింటికి ఎంగ్‌స్ట్రామ్ మెట్లు దిగాడు, అతను టైము తప్పడు. చెంపలో పొద్దుతిరుగుడు గింజలు. వెనకాలే టెన్చా, డాక్ చీటీల అట్ట పట్టుకుని, అది ఆవిడ పని గనక వచ్చింది. ఎంగ్‌స్ట్రామ్ చెడ్డవాడు కాడు. చదువుకుని పెట్టు, తొందరేం లేదు అని కలం కూడా మూత తీసి ఇచ్చాడు. చదివాను. చక్కగా రాశారు. నా పేరు అక్షరం పొల్లుపోకుండా రెమీహియో సవాలా అని ఉంది, తొంభై నిమిషాలు అని ఉంది. కలం తిరిగి ఇచ్చేశాను.

"తొంభై కాదు. నలభై."

అతను గింజ పొట్టు పక్కకు ఊసి, బోర్డు మీద ముప్పై నాలుగు ఉందన్నావు గదా అన్నాడు. ఉంది, అది గాలి, గోడలు ఉడుకుతూనే ఉన్నాయి, నాకు తెలుసు, తెలిసే తలుపు తీశాను అన్నాను. నది దగ్గర నిద్రపోయానని కూడా చెప్పాను. ఎందుకు అని అడిగాడు. మోత లేకుండా కాసేపు పడుకుందామనిపించింది అన్నాను. అతను దాన్ని కాసేపు నమిలాడు. తర్వాత నేను అనుకోని చోటికి వచ్చాడు. మరి టెన్చా గన్ పెట్టి చూసింది గదా, గోడ ఉడుకుతుంటే ముప్పై నాలుగు ఎలా వచ్చింది అన్నాడు. నేను దీన్ని ఆలోచించలేదు. ఇంత కూర్చుని ఇదొక్కటీ ఆలోచించలేదు. తలుపు దగ్గర పెట్టింది, తలుపు దగ్గర చల్లగానే ఉంది అని నీళ్ళు నమిలాను. టెన్చా అట్ట కిందికి దించింది.

"ఆయన నన్ను కాపాడుతున్నారు. నేను గన్ పెట్టలేదు. అడిగాను, చెప్పారు, రాశాను."

పంతొమ్మిదేళ్ళలో ఇలా ఎంతమందికి రాశావని అడిగాడు. ఈయన ఒక్కరికే అంది. ఈయనకెందుకు అన్నాడు. దానికి ఆవిడ, మా అమాలియా నాన్న అంది. ఆ మాటలో అతనికి అర్థమయ్యేది ఏమీ లేదు, అతను స్వీడన్ వాళ్ళ మనవడు, అయినా ఎందుకో ఇంకేమీ అడగలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం నువ్వు ఈ డాక్ మీదే ఉంటావు, ఇకమీదట దేవుడు ట్రక్ తోలుకొచ్చినా గన్ పెట్టి చూడు అని టెన్చాతో అన్నాడు. నాతో, ఇవాళ్టి లోడు వేరేవాళ్ళకు ఇస్తాను రెమీ, నువ్విక్కడికి మళ్ళీ రావద్దు అన్నాడు. గొంతు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువుగా ఉండేది. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళి క్యాబ్ తలుపు మీద చెయ్యి వేశాను. "తలుపులు తియ్యండి కొంపాద్రే" అంది టెన్చా వెనకనుంచి. లోడు లేదు గదా కొమాద్రే అన్నాను. డాక్ టైముకు గేటు లోపలికి వచ్చిన ప్రతి ట్రైలర్‌కూ చీటీ రాయాలి, లోడున్నా లేకపోయినా, అది ఇక్కడి పద్ధతి. యూనిట్ ఆపాను, తెరిచేముందు ఆపాలి. ఒక్కసారిగా పెరడంతా నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు నది దగ్గర నాకు కావాలనిపించింది ఇదే, ఇప్పుడు దీన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. గడియ తీసి తలుపులు రెండూ బార్లా తెరిచాను. చల్లగాలి దొర్లి మా కాళ్ళ మీదికి వచ్చింది. ఆవిడ నేను కూర్చున్న డబ్బా జరుపుకుని, దాని మీద కాలు పెట్టి పైకి ఎక్కింది. చెయ్యి అందించబోయాను, అప్పటికే ఎక్కేసింది. మెడలోంచి గన్ తీసింది. పదకొండేళ్ళలో మొదటిసారి నా గోడ మీదికి ఎత్తింది. ఎడమ గోడ, కుడి గోడ, నేల, నడిచి నడిచి చివరి దాకా వెళ్ళి ముందుగోడ, ఒక్కోచోట ఆగి, గన్ కూసేదాకా చెయ్యి కదపకుండా. లోపల చీకట్లో ఎర్రచుక్క గోడ మీద పాకడం కనిపిస్తోంది. తిరిగి వచ్చి అంచున నిలబడి, కలం తీసి, ముప్పై నాలుగు అని రాసుకుంది. ఎంత అని నన్ను అడగలేదు.